బొమ్మలు కడిగే జ్యోత్స్న

జూలూరుపాడు దాటి రోడ్డు దిగాక మైలున్నర నడిస్తే వచ్చే తండాలో, జ్యోత్స్న ఏం పని చేస్తుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. "కంప్యూటర్ పని" అని తండ్రి దేవ్లా గొప్పగా చెప్పుకునేవాడు. ఆ కంప్యూటర్‌లో ఏం చేస్తుందయ్యా అని ఎవరైనా గుచ్చి అడిగితే మాత్రం తువ్వాలు దులుపుకుని లేచిపోయేవాడు. ఒకరోజు నాయనమ్మ గోరి పట్టు పట్టింది. చెప్పేదాకా అన్నం వడ్డించనంది.

"బొమ్మలు కడుగుత దాదీ" అంది జ్యోత్స్న. వాళ్ల మాటలో నాయనమ్మను దాది అంటారు. ఇంట్లో మాట్లాడుకునేదంతా లంబాడీలోనే. మన కోసం దాన్ని తెలుగులో చెప్పుకుంటున్నాం.

"డిగ్రీ చదివి బొమ్మలు కడుగుతున్నవా? గిన్నెలైతే ఇంట్లనే ఉండె గదనే!"

ఆ మాట తెల్లారేసరికి తండా అంతా చుట్టి వచ్చింది. బస్సు కోసం నడుస్తుంటే ఆడవాళ్లు "ఇయ్యాల ఎన్ని బొమ్మలు కడుగుతవ్ పిల్లా?" అని నవ్వేవాళ్లు. జ్యోత్స్న కూడా నవ్వి ఊరుకునేది.

నిజానికి ఆమె అబద్ధం చెప్పలేదు. అది 2007. కొత్తగూడెం బస్టాండు వెనక సందులో లిఖిత గ్రాఫిక్స్ అని ఒక చిన్న షాపు ఉండేది. ఓనరు వెంకటరామారావు. తండ్రి హయాంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. షాపుకు కూతురి పేరు పెట్టుకున్నాడు. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, ఫ్లెక్సీ డిజైన్లు అక్కడి వ్యాపారం. ఎవరైనా చేత్తో గీసిన బొమ్మ తెస్తే దాన్ని స్కాన్ చేసి, కంప్యూటర్‌లో రంగులు వేయడానికి వీలుగా తయారు చేయడం జ్యోత్స్న పని.

స్కానర్‌కు మొహమాటం లేదు. బొమ్మతో పాటు కాగితం మడత, చెరిపిన పెన్సిల్ గీత, టీ మరక, చచ్చిన దోమ కాలు, అన్నీ పట్టుకొచ్చి తెర మీద పెడుతుంది. వాటన్నిటినీ తుడిచి, కాగితాన్ని తెల్లగా, సిరాను నల్లగా చేసి, గీతలు మాత్రం మిగల్చాలి. ఆ తర్వాత ఇంకో పని ఉంది. కంప్యూటర్‌లో రంగు వేసేది కుంచెతో కాదు. గీతల మధ్యలో ఒకచోట నొక్కితే రంగు తనంతట తాను పారి, గీత అడ్డం తగిలేదాకా నిండుతుంది. గీతలో వెంట్రుకంత సందు ఉన్నా చాలు, అందులోంచి బయటపడి పేజీ మొత్తం ముంచేస్తుంది. మిర్చి తోటకు నీళ్లు కట్టిన ఇంటి పిల్ల కాబట్టి జ్యోత్స్న ఆ సందులను గండ్లు అనేది. గండ్లు పూడ్చడంలో ఆమెను మించినవాళ్లు కొత్తగూడెంలో లేరు. ఆ పని తెలిసినవాళ్లే ఊరంతా కలిపి ముగ్గురనుకోండి, అది వేరే సంగతి.

ఇక బోర్డులు రాసే భద్రయ్య సంగతి. ముప్పై అయిదేళ్ల పాటు కొత్తగూడెంలో ఏ దుకాణం తలెత్తి చూసినా ఆయన చేతిరాతే కనిపించేది. కిరాణా కొట్లు, టైలరు షాపులు, బడి గోడలు, లారీల వెనక చిలకలు. ప్రతి బోర్డు మూలనా కంటికి ఆననంత చిన్నగా ఒక సంతకం. అంతలో ఫ్లెక్సీ వచ్చింది. ఆయన నాలుగు రోజులు కూర్చుని రాసే బోర్డు గంటలో బయటికి రావడం మొదలైంది. మనిషి మాత్రం కోపం పెట్టుకోలేదు. పొద్దున్నే లిఖిత గ్రాఫిక్స్‌కే వచ్చి, బెంచీ మీద కూర్చుని, వాళ్ల పేపరే చదివి, వాళ్ల టీయే తాగేవాడు. తన పొట్ట కొట్టిన షాపులో అంత నిశ్చింతగా కూర్చోవడం ఆయనకే చెల్లింది. వెంకటరామారావు కూడా ఒక్కరోజైనా ఆయనకు టీ చెప్పడం మరవలేదు. అది మర్యాదో, లోపల ఏదైనా గుచ్చుకునేదో ఆయనే చెప్పాలి.

అలాంటి భద్రయ్యకు అరవై నాలుగో ఏట ఒక పుస్తకం పని వచ్చింది. హైదరాబాదులో పిల్లల పుస్తకాలు వేసే ఒక స్వచ్ఛంద సంస్థ ఉంది. వాళ్లు ఏదో తండా బడి గోడ మీద ఆయన వేసిన బొమ్మలు చూసి, సోమ్లి అనే పిల్ల కథకు పదహారు బొమ్మలు గీసివ్వమన్నారు. సోమ్లి తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ నాయనమ్మతో సంతంతా తిరుగుతుంది. అదే కథ. నల్ల సిరాతో గీసిస్తే చాలు, రంగులు హైదరాబాదులో వేసుకుంటారు. అట్ట మీద భద్రయ్య పేరు ఉంటుంది. జీవితమంతా ఊరివాళ్ల పేర్లు రాసిన మనిషి పేరు మొదటిసారి ఇంకొకరు అచ్చు వేయబోతున్నారు. ఆ మాట ఆయన బెంచీ మీద కూర్చున్న ప్రతివాళ్లకీ చెప్పాడు. కొందరికి రెండుసార్లు చెప్పాడు.

అయితే ఆయన కుడిచేయి అప్పటికి రెండేళ్లుగా వణుకుతోంది. దవాఖానాలో మందు రాసిచ్చారు. వేసుకుంటే నిద్ర ముంచుకొస్తోందని మానేశాడు. ఆ వణికే చేత్తోనే పదహారు బొమ్మలూ గీశాడు.

కథలోని నాయనమ్మ బొమ్మకు ఆయన ఎక్కడా వెతుక్కోనక్కర్లేకపోయింది. ఒకరోజు జ్యోత్స్న టిఫిన్ డబ్బా ఇంట్లో మరిచిపోతే, గోరి దాన్ని కొంగులో కట్టుకుని బస్సెక్కి నేరుగా షాపుకే వచ్చేసింది. అద్దాల రవిక, మోచేతుల దాకా తెల్లగాజులు. ఫ్యాను కింద కుర్చీ లాక్కుని కూర్చుంది. "పొద్దుగాల్నుంచి గా పెట్టె ముందల్నే కూసోపెడుతున్నవేందయ్యా, పిల్ల నడుము ఏం గావాలె?" అని వెంకటరామారావును దబాయించింది. భద్రయ్య ఒక పాత పెళ్లికార్డు వెనక్కి తిప్పి, చప్పుడు చేయకుండా ఆమెను గీసుకున్నాడు.

జూలై మొదట్లో జ్యోత్స్న బొమ్మలన్నీ స్కాన్ చేసి, పైపైన తుడిచి, సీడీ పంపించింది. పదకొండో తేదీన హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. అవతల ప్రమీలారాణి. ఆ సంస్థలో పుస్తకాలన్నీ చూసుకునేది ఆవిడే.

"బొమ్మలు బాగున్నాయి జ్యోత్స్నా. కానీ రంగు నిలవడం లేదమ్మా. ఒక్కో పేజీలో నలభై చోట్ల బయటికి పోతోంది. గీతలన్నీ తెగి తెగి ఉన్నాయి. ఇరవయ్యో తారీకు లోపల సరిచేసి పంపగలిగితే సరే, లేకపోతే ఇక్కడ మా ఆర్టిస్టుతో మళ్లీ గీయించుకుంటాం. ప్రెస్సుకు టైము లేదు."

"మరి భద్రయ్య తాత పేరు, మేడం?"

"గీసినవాళ్ల పేరే కదా వేస్తాం."

అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఆవిడ కసురుకోలేదు, తీసిపారేయలేదు. జ్యోత్స్న ఫోన్ పెట్టేసి బెంచీ వైపు చూసింది. భద్రయ్య పేపరు చదువుతున్నాడు. గాలి లేకపోయినా చేతిలో పేపరు కదులుతోంది. ఆయనకు ఈ సంగతి చెప్పకూడదనుకుంది. తొమ్మిది రోజుల్లో తానే సరిచేస్తే ఆయనకు తెలియాల్సిన అవసరమే రాదు.

ఆ రోజే మొదలుపెట్టింది. దుమ్ము తీసే ఫిల్టర్ ఒకటుంది. ఎంత సైజు దాకా తీయాలో అంకె చెబితే, ఆ లోపు చుక్కలన్నీ ఒక్క దెబ్బకు మాయమైపోతాయి. జ్యోత్స్న పెద్ద అంకే ఇచ్చింది. పేజీలు పాలరాయిలా తేలాయి. తర్వాత భద్రయ్య గీతల పైన కొత్త గీతలు లాగింది. వణికిన చోట సాపు చేసింది, తెగిన చోట కలిపింది. మేకపిల్ల పొట్ట కింద ఆయన ఉత్త వెంట్రుకలు గీసి వదిలేస్తే చుట్టూ కంచె వేసింది. సంతలో లేచిన దుమ్ముకు కూడా అంచు కట్టింది. నాలుగు రోజులు తల ఎత్తలేదు. పదిహేనో తేదీ మధ్యాహ్నానికి పదహారు పేజీల్లో ఎక్కడ రంగు నొక్కినా అక్కడే నిలిచింది. ఆ పిల్ల సంతోషం చూడాలి. ప్రింట్లు తీసి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకెళ్లి భద్రయ్య ముందు పెట్టింది.

"నీ బొమ్మలే తాతా. రంగులకు రెడీ చేసిన."

భద్రయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఒక్కో కాగితం తిప్పాడు. తొందరేమీ లేదన్నట్టు మళ్లీ మొదటికొచ్చాడు.

"మంచిగున్నయ్ బిడ్డా. ఎవరు గీసిండ్రు?"

జ్యోత్స్న ఆయన వేళాకోళం ఆడుతున్నాడనుకుంది. ముఖం చూస్తే వేళాకోళం లేదు.

"నువ్వే గద తాతా! గండ్లు పూడ్చిన, అంతే."

"గిది నా గీత గాదు. నా చెయ్యి వణుకుతది. వణుకుతదని నాకు ఎరుకే." తొమ్మిదో పేజీ తీసి ఆమె వైపు తిప్పాడు. అందులో సోమ్లి నాయనమ్మ మేకలమ్మేవాడితో గొడవ పడుతోంది. "మేకకు కంచె కట్టినవ్, పోనీ. గీ ముసలమ్మెవరు?"

"మా దాది. నువ్వు గీసుకున్నవ్ గద, గా దినం."

"నేను గీసిన ఆమె ముఖం మీద పచ్చబొట్లున్నయ్. గీమెకు లేవు."

జ్యోత్స్న కాగితం వైపు చూసింది. నున్నటి గడ్డం, నున్నటి చెంప. నాలుగు రోజులు ఆ ముఖం ముందే కూర్చుంది, ఒక్కసారి కూడా తేడా కనిపించలేదు. వేరెవరైనా అయితే తుడిచే ముందు ఆ చుక్కలేమిటని అడిగేవాళ్లు. పుట్టినప్పటి నుంచి రోజూ చూసే ముఖం కాబట్టే ఆమెకు అడగాలని తోచలేదు. దుమ్ముతో పాటు సొంత దాది పచ్చబొట్లను తన చేత్తోనే ఊడ్చేసింది.

"హైదరాబాద్ అమ్మకు చెప్పు, నా పేరు వెయ్యొద్దని" అన్నాడు భద్రయ్య. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "గీసినోళ్ల పేరు పెట్టుకోమను. గది న్యాయం." లేచి చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. టీ గ్లాసు బెంచీ మీదే ఉండిపోయింది. ఆయన టీ వదిలేసి పోవడం ఆ షాపులో అదే మొదటిసారి.

ఆ సాయంత్రం బస్సులో జ్యోత్స్న కిటికీ పక్కన కూర్చుని ఏడ్చింది. ఏడుపు వచ్చింది భద్రయ్య కోసమా, పచ్చబొట్ల కోసమా అంటే ఆమెకే తేలలేదు. ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురుంది. గోరి వాకిట్లో మంచం మీద కూర్చుని రవిక కుట్టుకుంటోంది. జ్యోత్స్న ఎదురుగా పీట వేసుకుని ఆమె ముఖం చూసింది. గడ్డం మీద మూడు, ముక్కు పక్కన ఒకటి, ఎడమ చెంప మీద ఒకటి. మొత్తం అయిదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి లెక్కపెట్టింది.

"ఏందే గట్ల చూస్తున్నవ్? సచ్చిపోతననా?" అంది గోరి.

జ్యోత్స్నకు హాస్టల్ గుర్తొచ్చింది. అప్పుడు ఆరో తరగతి. గోరి జామకాయలు మూట కట్టుకుని హాస్టల్‌కు చూడటానికి వచ్చింది. వెళ్లాక పక్క మంచం పిల్ల "మీ నాయనమ్మ ముఖం మీద ఆ నల్లగా ఏంటి, మురికా?" అని అడిగింది. జ్యోత్స్న "అవ్, మురికే" అంది. అంతటితో ఆగిందా? ఆ దసరా సెలవుల్లో పచ్చబొట్లు పొడిచే ఆమె తండాకు వస్తే, గోరి మనవరాలికి ఒక్క చుక్కైనా వేయిద్దామని ముచ్చట పడి పిలిచింది. జ్యోత్స్న పరుగెత్తి పోయి పొద్దు వాలేదాకా పత్తి చేనులో దాక్కుంది. చచ్చాక సొమ్ములు, గాజులు అన్నీ ఇక్కడే ఒలుచుకుంటారు, మనిషి వెంట పోయేవి అవే గదే పిచ్చిదానా అని గోరి ఎంత చెప్పినా వినలేదు. హాస్టల్‌లో అన్న మాట మాత్రం గోరికి ఇప్పటికీ తెలియదు.

మురికి అని ఒకసారి నోటితో అంది. ఇప్పుడు చేత్తో తుడిచేసింది.

గోరికి ఇవేవీ తెలియవు కదా, ఆమె పనిలో ఆమె ఉంది. ఎర్రగుడ్డ మీద అద్దాల పట్టీ పరిచి, కదలకుండా ముందు తెల్లదారంతో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకుంది. వాటి ఆసరాతో అసలు కుట్టు రంగుదారంతో సన్నగా వేసుకుంటూ వచ్చింది. చివరికొచ్చాక ముడి కొరికి తెల్లదారం కొస మనవరాలి చేతికిచ్చింది. చిన్నప్పటి నుంచి ఆ దారం లాగే పని జ్యోత్స్నదే.

"గుంజు."

జ్యోత్స్న లాగింది. తెల్లదారం ఆ చివరి నుంచి ఈ చివరికి జరజరా వచ్చేసింది. పట్టీ ఎక్కడిదక్కడే ఉంది. ఆసరా ఇచ్చిన దారం జాడ కూడా గుడ్డ మీద మిగల్లేదు.

జ్యోత్స్న ఆ దారాన్ని వేలికి చుట్టుకుని కాసేపు అట్లాగే కూర్చుంది. తర్వాత లేచి వెళ్లి గోరిని గట్టిగా పట్టుకుంది. "సూది గుచ్చుకుంటది, జరుగు" అని గోరి కసిరింది.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చి, నాలుగు రోజుల పనినీ పక్కన పెట్టేసి, స్కానర్ పట్టుకొచ్చిన అసలు బొమ్మలను మళ్లీ తెరిచింది. వెంకటరామారావు తల పట్టుకున్నాడు.

"ఏంటమ్మాయ్, అయిపోయిందన్నావుగా! మళ్లీ మేకపిల్ల దగ్గరికే వచ్చావేంటి? శ్రావణం పెళ్లిళ్ల కార్డులు గుట్టలా పడున్నాయి."

"పందొమ్మిది దాకా సార్. తర్వాత కార్డులన్నీ నేనే చేస్త, ఆదివారాలు గూడ వస్త."

"ఎందుకంత పట్టుదల?"

"తాత పేరు పోతది సార్."

వెంకటరామారావు ఖాళీగా ఉన్న బెంచీ వైపు చూశాడు. తన కంప్యూటర్ కింద ఉన్న ఇన్వర్టర్ వైరు పీకి ఆమె కంప్యూటర్‌కు తగిలించాడు. రోజుకు రెండు పూటలా కరెంటు పోయే రోజులవి. కార్డుల సంగతి నేను చూసుకుంటాలే అని గొణుక్కుంటూ అవతలికి పోయాడు.

ఈసారి జ్యోత్స్న భద్రయ్య గీతను ముట్టుకోలేదు. వణుకును వణుకుగానే ఉంచింది. తెగిన చోట తెగినట్టే వదిలింది. దాని మీద అద్దంలాంటి ఇంకో పొర పరిచి, ఆ పొరలో మాత్రం ప్రతి గండికీ సన్నని ఎర్రగీతతో అడ్డుకట్ట వేసింది. రంగు పోసేటప్పుడు ఆ పొర ఉంటుంది, రంగు అక్కడ ఆగుతుంది. పోశాక ఆ పొర తీసేసి, కట్ట ఉన్న వెంట్రుకంత జాగాలోకి రంగును జరుపుకుంటే సరిపోతుంది. కాగితం మీద భద్రయ్య గీత మాత్రమే మిగులుతుంది. ఆ పొరకు ఆమె "కచ్చా" అని పేరు పెట్టింది.

చిక్కు దుమ్ము దగ్గర వచ్చింది. ఫిల్టర్ జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకుంది. అంటే ప్రతి చుక్కా విడిగా చూసి తీయాలి. ఏది దుమ్మో, ఏది ఆయన పెట్టిందో చెప్పగలిగే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం అన్నం తినకుండా ఆయన ఇంటికి వెళ్లింది. భద్రయ్య అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నాడు.

"తప్పయింది తాతా. హైదరాబాద్ వాళ్లు ఇరవై లోపల గండ్లు మూసియ్యమన్నరు, లేకుంటే వేరేటోళ్లతోని గీయించుకుంటమన్నరు. నీకు చెప్తే బాధపడ్తవని నేనే ఏదో చేసిన. ఇప్పుడు నీ గీత నీకే ఉండేటట్టు చేస్తున్న. కానీ చుక్కలు నాకు తెల్వవ్. నువ్వు రావాలె."

భద్రయ్య చాలాసేపు తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "వేరేటోళ్లతోనా" అన్నాడు నెమ్మదిగా. తర్వాత చొక్కా తొడుక్కున్నాడు.

పదిహేడున వాగు పొంగి బస్సు రాలేదు. ఆ ఒక్కరోజు తండాలో జ్యోత్స్న కాలు నిలవలేదు. నడిచి పోతానని బయల్దేరితే దేవ్లా చేయి పట్టి ఆపాడు. మిగిలిన రెండు రోజులు తాతా మనవరాలూ ఒకే తెరకు కళ్లు అంటించి కూర్చున్నారు. మధ్యలో టీలు మాత్రం ఎవరూ చెప్పకుండానే వచ్చాయి.

"గిది?"

"దుమ్ము. తీసెయ్."

"గిది?"

"జొన్నగింజ. సంతల కిందపడ్డది. ఉండనీ."

"గిది తాతా?"

భద్రయ్య ముక్కు తెరకు ఆనించాడు. "గది దోమ. పాపం, ఉంచుదామా?"

ఆ పదిహేనో తేదీ తర్వాత జ్యోత్స్న మొదటిసారి నవ్వింది. తొమ్మిదో పేజీ వచ్చినప్పుడు ఆయనను అడగలేదు. గడ్డం మీద మూడు, ముక్కు పక్కన ఒకటి, చెంప మీద ఒకటి. వాటి చుట్టూ పడ్డ దుమ్మును మాత్రం ఒక్కొక్కటే ఏరి తీసింది. పందొమ్మిది సాయంత్రం సీడీ కొరియర్‌కు ఎక్కింది. కచ్చా పొర ఎలా వాడాలో ఒక కాగితం మీద రాసి జతచేసింది.

ఫోన్ రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ భద్రయ్య పేపరు తిరగేసి పట్టుకున్నా గమనించే స్థితిలో లేడు. ఫోన్ మోగితే జ్యోత్స్నే ఎత్తింది.

"మా వాళ్లు రెండు పేజీలు రంగులేసి చూశారు జ్యోత్స్నా" అంది ప్రమీలారాణి. గొంతు తేలిగ్గా ఉంది. "ఒక్కచోట కూడా పోలేదు. ఆ ఎర్రపొర ఆలోచన ఎవరిది? గీతలు ప్రాణం ఉన్నట్టున్నాయి. మేకపిల్ల నిజంగా వణుకుతోందనిపించింది. ఆయన బొమ్మలే వేస్తున్నాం."

జ్యోత్స్న బెంచీ వైపు తిరిగి తల ఊపింది. భద్రయ్య కళ్లు మూసుకున్నాడు.

"ఒక్కటే చిన్న సంగతి. తొమ్మిదో పేజీలో ముసలావిడ ముఖం మీద కాస్త మురికి మిగిలిపోయింది. అయిదు చుక్కలు. నువ్వేం కంగారు పడకు, మేమే ఇక్కడ తుడిచేస్తాం."

షాపులో ఫ్యాను తిరుగుతోంది. "సరే మేడం" అంటే సరిపోతుంది. ఇన్నాళ్లూ ఆవిడ ఏం చెప్పినా జ్యోత్స్న అదే అంది. పుస్తకం ఖాయమైంది, తాత పేరు ఖాయమైంది, ఇప్పుడు మళ్లీ ఎదురు చెప్పి కొత్త తంటా తెచ్చుకోవడం దేనికి?

"మురికి గాదు మేడం" అంది జ్యోత్స్న. ఆ మాట అనడానికి ఆమెకు పదకొండేళ్లు పట్టింది. ఫోన్లో ఆవిడతో మాట్లాడే పుస్తకాల తెలుగు ఎటో పోయి, ఊరి యాస బయటికొచ్చింది. "అవి పచ్చబొట్లు. గామె మా దాది. పేరు గోరి. మాది తండా మేడం. మా దాది ముఖం మీద అయిదున్నయ్, బొమ్మల గూడ అయిదే ఉండాలె. ఒక్కటి తుడిచినా గది మా దాది గాదు."

వెంకటరామారావు కార్డులు మడవడం ఆపి చూస్తున్నాడు.

"నాకు తెలియలేదమ్మా" అంది ప్రమీలారాణి. "అయిదూ ఉంటాయి. నేనే దగ్గరుండి చూసుకుంటాను."

ఫోన్ పెట్టేసి జ్యోత్స్న కుర్చీలో కూలబడింది. భద్రయ్య తన టీ గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. దారిలో సగం ఒలికింది.

దసరా ముందర పుస్తకాలు వచ్చాయి. అట్ట మీద, సోమ్లి బొమ్మ కింద, "బొమ్మలు: భద్రయ్య" అని ఉంది. ఆయన ఆ అక్షరాలను వేలితో కొలిచి, ఇంకొంచెం పెద్దగా వేయాల్సిందన్నాడు. బోర్డులు రాసినవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

జ్యోత్స్న ఒక కాపీ ఇంటికి తెచ్చింది. గోరికి చదువు రాదు. బొమ్మలు చూసుకుంటూ తిప్పుతోంది. మేకను చూసి నవ్వింది, సంతను చూసి ఇది జూలూరుపాడే అని తేల్చేసింది. తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది. ఎర్ర రవిక, తెల్లగాజులు, గోధుమరంగు ముఖం. బొటనవేలు గడ్డం మీద పెట్టింది, తర్వాత ముక్కు పక్కన, తర్వాత చెంప మీద. ఇంకో చేయి తన ముఖం మీద అదే దారిలో నడిచింది.

"అయిదూ ఉన్నయ్" అంది ఆశ్చర్యంగా. "ఎవరు పొడిచిండ్రే గివి?"

"భద్రయ్య తాత పొడిచిండు" అంది జ్యోత్స్న. "నేను చెరిపిన దాదీ. చిన్నప్పుడు ఒకసారి, మొన్న ఒకసారి. మళ్ల నేనే పెట్టిన."

గోరికి ఎంత అర్థమైందో తెలియదు. చిన్నప్పుడు ఎప్పుడని అడగలేదు. మనవరాలి గడ్డం పట్టుకుని, ఏ చుక్కా లేని ఆ ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "పోనీలే" అంది. "నాకు పెట్టినవ్ గద." పుస్తకాన్ని కొంగుతో తుడిచి దిండు కింద పెట్టుకుంది.